తెల్ల ఎలుకలన్నీ ఒకటేనన్న అధికారి గురించి

డైరెక్టరు గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: ఎలుకల గదిలో నిర్లక్ష్యం చేసినట్టు నాకిచ్చిన మెమో రద్దు చేయుట గురించి.

మన మధురవాడ పరిశోధన కేంద్రంలో పదకొండేళ్లుగా ఎలుకల సంరక్షణ చూస్తున్న కాసులమ్మ అను నేను విన్నవించుకొనునది:

1. సైంటిస్టు సుధారాణి మేడం గారి ప్రయోగానికి రెండు జాతుల తెల్ల ఎలుకలు ఉండేవి. చూపుకి ఒకటే. కానీ వాపు తెప్పించే మందు సూది వేస్తే ఒక జాతికి పాదం గంటల్లో ఉబ్బిపోతుంది, రెండో జాతికి వాపే రాదు. అది పుట్టుకతో వచ్చిన గుణం. ఆ తేడా ఎందుకో తెలిస్తే కీళ్లవాతానికి మంచి మందు దొరకవచ్చునని మేడం పద్నాలుగు నెలలు కష్టపడ్డారు.

2. తనిఖీకి ముందురోజు, మేడం ఊళ్లో లేనప్పుడు, పరిపాలనాధికారి త్రినాథరావు గారు దయచేసి, సగం ఖాళీగా ఉన్న పంజరాలు చూపునకు బాగులేవని, ఎలుకలన్నిటినీ కలిపి నింపమని సెలవిచ్చారు.

"వద్దు బాబూ, ఆటి పుట్టుకే ఏరు. మా సేపల జెట్టీకాడ వంజరం సేపనీ సందువ సేపనీ ఒకే గంపలోన ఎయ్యరు" అన్నాను.

"ఎలకంటే ఎలకే. నువ్వేటి, సైంటిస్టువా?" అన్నారు.

వారు ఎం.ఏ. అని విన్నాను. ఏ సబ్జెక్టో అడిగే ధైర్యం చేయలేదు. నేను చెయ్యి వేయకపోతే స్వీపరు చేత కలిపించి, ఆ సాయంత్రమే నన్ను పంజరాలు కడిగే గదికి మార్చారు.

3. తనిఖీ బృందం వరుసలు ముచ్చటగా ఉన్నాయని మెచ్చుకొని, జీడిపప్పు తిని వెళ్లింది.

4. మేడం తిరిగివచ్చి, పంజరాల మీది చీటీల ప్రకారం సూదులు వేశారు. ఒకే పంజరంలో సగం ఎలుకలకి పాదాలు వాచాయి, సగానికి వాచలేదు. పరుగున కడిగే గదికి నా దగ్గరకొచ్చి "కాసులమ్మా, నా ఎలకలకి ఏటైపోయింది?" అన్నారు. జరిగింది చెప్పాను. ఏ ఎలుక ఏ జాతో ముందే తెలియకపోతే ప్రయోగం చెల్లదంటూ ఆ తడి నేల మీదే కూలబడ్డారు.

5. విచారణ సంఘం వారు "వద్దని నోటితో చెప్పితివి గాని కాగితం మీద చెప్పలేదు" అని తేల్చి నాకు మెమో ఇచ్చారు. తనిఖీ చక్కగా జరిపించినందుకు త్రినాథరావు గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎలుకది ఏ జాతో సూది వేస్తే తెలుస్తుంది. మన ఆఫీసులో తప్పెవరిదో తెలుసుకొనుటకు సూది ఇంకా తయారు కాలేదు.

క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టను. కావున తమరు దీనిని చివరిదాకా చదివి, మెమో రద్దు చేసి, నా ఎలుకల గది నాకు ఇప్పించి, న్యాయము చేయవలెను.

తమ విధేయురాలు (ఉద్యోగం ఉన్నంత వరకు),
కాసులమ్మ

మరొక మాట: ప్రయోగం రద్దయిందని, నలభై ఎనిమిది ఎలుకలనూ చంపమని ఈ ఉదయం ఉత్తర్వు వచ్చింది. పని తెలిసినదాన్నని నన్నే పిలిచారు. ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకొని, నొప్పి తెలియకుండా చేశాను. మేడం చివరిదాకా నా పక్కనే నిలబడ్డారు. సాక్షి సంతకం చేయవలసిన త్రినాథరావు గారు గుమ్మం బయటినుంచే "అయిపోయిందేటి?" అన్నారు.

"లోపలికొచ్చి సూసుకోండి బాబూ" అన్నాను.

రాలేదు.