రోకలి మీద పడిన కాలు

ఫింటాస్, 12 జులై 1990

మునీ, నా చిట్టితల్లీ,

నేనూ మీ అన్న గంగాధరా ఈ అరబ్బుదేశంలో బాగుండాము. నేను వండే ఇంటికే మీ అన్న కారు నడపతాండాడు, ఒంటరినన్న దిగులు లేదు. మా యజమాని, ఈడ బాబా అంటాము, రాబిన్ ఇంగ్లీషాయన, ఒంటిమనిషి. ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. మునుపు ఆఫ్రికాలో గినియా దేశంలో పని చేసినాడంట. ఆడ ఒక ముసలాయన గిటారు వాయిస్తే క్యాసెట్టులో పట్టుకొచ్చినాడు. ఇన్నేండ్లూ తన పద్ధతిలో వాయించినాయన, ఇప్పుడు ఆ ముసలాయన మాదిరే రావల్లని తంటాలు. చేతిలో తీగలు మీటే బిళ్ళ పారేసినాడు. బొటనవేలూ, చూపుడువేలూ, అంతే. మీ అన్న కారు తుడిచేది ఇడిచిపెట్టి పక్కన కూచోని నేర్చుకుంటాండాడు.

పాట వింటే బాబా కాలు నిలవదు, నేలమీద తడతానే ఉంటాది. కానీ తప్పు చోట పడతాది. నాకు నవ్వొచ్చింది. మనిద్దరం ఒకే రోట్లో దంచుతామే, నీ రోకలి లేస్తే నాది పడేది, ఆ పాటా అట్లే ఉంది. "బాబా, నీ కాలు నా కూతురి రోకలి మీద పడతాంది. నా రోకలి మీద పడల్ల" అంటి. మీ అన్న ఇంగ్లీషులో చెప్పినాడు. నేను ఈడ వంటింటి రోట్లో గోధుమలు దంచి చూపిస్తి. వారానికి కుదిరింది. ఇప్పుడు నన్ను "టీచర్" అంటాడు!

మీ అమ్మ, చిన్నక్క

రాయచోటి, 24 జులై

ప్రియమైన అమ్మకు,

నీ జాబు చదివితే పక్కింటి జుబేదా బీ కూడా పడిపడి నవ్వింది. భజనలో తాళం తప్పి తిట్లు తిన్నోడికి గిటారా? నేను నమ్మను. అన్నను సొంత చేత్తో రెండు ముక్కలు రాయమను. అంతవరకూ వానితో మాట్లాడను పో.

నీ ముని

ఫింటాస్, 9 సెప్టెంబరు

మునీ, తల్లీ,

ఈ దేశం మీద ఇరాక్ సైన్యం వచ్చిపడి నెల దాటింది. నీ జాబే కడాపటిది, ఆ తర్వాత టపా లేదు. మన ఊరి అల్లాబకష్ అన్న జోర్డాన్ మీదుగా ఊరికొస్తాంటే ఈ జాబు ఇస్తాండా. టౌనులో మిర్కాబ్ బజార్లో అంగళ్ళు పగలగొట్టి దోచినారు. అడ్డం పోయిన రొట్టెలాయన్ను అంగడి ముందరే కాల్చినారు. మూడు దినాలు పీనుగను ఎత్తనీలేదు. తెల్లోళ్ళను ఇండ్లలోనుంచి జుట్టు పట్టి ఈడ్చకపోతాండారు. దాచినోళ్ళను చంపుతారంట. మా బాబా ముందే దేశం ఇడిచి పోయినాడు. ఎవురడిగినా నువ్వూ అదే చెప్పు.

అన్న రాయలేదని అలగొద్దు. బొటనవేలికి దెబ్బ తగిలింది. మనోళ్ళంతా పోతాండారు. వాన్ని ఇడిచి నేనెట్లొచ్చేది?

మీ అమ్మ

ఫింటాస్, 20 మార్చి 1991

మునీ, నా బంగారూ,

యుద్ధం అయిపోయింది. ఇంక అబద్ధం రాయలేను. మీ అన్న లేడమ్మా. పోయిన జాబు రాసేటప్పటికే వాడు పోయి ఐదు దినాలు.

బాబా పోలేదు. వంటింటి ఎనక గదిలో బియ్యం మూటల చాటున మేమే దాచినాము. ఆ పొద్దు నలుగురు సిపాయిలొచ్చినారు. గిటారు చూసి "ఎవురిది?" అన్నారు. "నాది" అన్నాడు అన్న. "వాయించు." వాయించినాడు మునీ. నువ్వు నమ్మలేదే, ఎంత బాగా వాయించినాడో! అప్పుడు మూటల చాటునుంచి టక్, టక్ అని కాలు. పాట వింటే నిలవని కాలు కదా. గోధుమలు రోట్లో పోసి రోకలెత్తినా. ఆయన కాలు సరిగ్గా నా రోకలి మీదే పడింది. రెండు చప్పుళ్ళు ఒకటైనాయి. సిపాయిలు నవ్వి చప్పట్లు కొట్టినారు.

వాళ్ళ పెద్దోడు నవ్వలేదు. గోడమీద బాబా గిటారు పట్టుకున్న ఫోటో చూసినాడు. "వీడు యాడ?" "ఖలాస్, దేశం ఇడిచి పోయినాడు" అన్నాడు అన్న. వాని చెయ్యి బల్లమీద పెట్టించి తుపాకి మడమతో బొటనవేలిని నలగ్గొట్టినాడు. ఎముక పలికింది. మళ్ళీ అడిగినాడు, మళ్ళీ కొట్టినాడు. అన్న నావైపు చూసి తల అడ్డంగా ఊపినాడు, చెప్పొద్దని. లోపల బాబా ఏడుపు బయటికి రాకుండా నేను దంచుతానే ఉన్నా. వాన్ని గేటు కాడికి ఈడ్చి రెండుసార్లు కాల్చి, కారు తీసుకోని పోయినారు.

"మూటల ఎనక ఉండాడు" అని ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. అనుంటే నా కొడుకు బతికుండునేమో. అనలేదు. నన్ను తిట్టుకో, నీ ఇష్టం.

నేనూ బాబా కలిసి పెరట్లో గుంత తవ్వి వాన్ని పూడ్చినాము. డిసెంబరులో ఇరాకోళ్ళు తెల్లోళ్ళను వాళ్ళ దేశాలకు పోనిచ్చినప్పుడు ఆయన గిటారు నా కాళ్ళ కాడ పెట్టినాడు. "తీసకపో బాబా. మా వాడు వాయించిందే వాయించు. కాలు తప్పొద్దు" అంటి.

వచ్చే నెల వస్తాండా. మనింట్లో రోలూ రోకలీ నా కంటికి కనపడకుండా జుబేదా బీకి ఇచ్చెయ్యి. పిండి మిషన్లో పట్టించుకో.

మీ అమ్మ, చిన్నక్క

అన్న కోసమని పస్తులుండొద్దు తల్లీ. సంగటి చేసుకోని, కడుపునిండా తిను.