హెడ్మాస్టరుగారి కోటు, డ్రైవరు నవ్వు

అమ్మకి,

నీ చిన్నకూతురు నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ కులాసా. నువ్వూ, అక్కా, బావా, మిమ్మల్నందర్నీ నిద్రపోనివ్వకుండా ఏలుతున్న కొత్త దొరగారూ కులాసా అని తలుస్తాను. ఈసారి ఉత్తరం కాస్త పొడుగు. వాణ్ణి ఉయ్యాల్లో వేసి తీరిగ్గా కూర్చుని చదువు. పనిమధ్యలో నిలబడి చదవకు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. స్టూడియో కిటికీకి అద్దం వేయించాను, ఇక వాన లోపలికి రాదు. నాన్న బీపీ బిళ్ళలు వేసుకుంటున్నారు, నా కళ్ళముందే. కుంచెలు కడుగుతున్నారా అని అడిగావు. ఆయన కడగరు, నేను కడుగుతున్నాను. మంచినీళ్ళ గ్లాసుల్లో టర్పెంటైన్ పోయడం మానేశారు, ఎందుకంటే గ్లాసులు దాచేశాను. నువ్వు కుట్టించిన కొత్త చొక్కాకి మొదటి రోజే మోచేతి దగ్గర నీలం అంటింది. ఏమిటని అడిగితే, "చొక్కా ఇప్పుడు నాది అయింది" అన్నారు. నువ్వు కోపంగా అడిగిన ప్రశ్న ఇంకొకటుంది కదా, దానికి జవాబు చివర్లో రాస్తాను.

నువ్వు లేని ఇల్లు ఎలా ఉందంటే ఏం చెప్పను. మొన్న స్టూడియోలో అటక దులుపుతుంటే పాత కేన్వాసులన్నీ బయటపడ్డాయి. ఆ అవిసె నూనె వాసనకి ఒక్కసారిగా నాకు చిన్నతనం వచ్చేసింది. అక్కా నేనూ ఈజిల్ కింద చాప వేసుకుని కూర్చుని, పైన బొమ్మ ఎలా వస్తోందో నాన్న కాళ్ళని బట్టి చెప్పేవాళ్ళం, గుర్తుందా? కుదురుతుంటే కుడికాలి బొటనవేలు తాళం వేసేది. కుదరకపోతే కాళ్ళు వెనక్కీ ముందుకీ నడిచేవి. ముక్కు దగ్గర చిక్కుపడ్డారంటే ఎంతసేపైనా కదిలేవి కావు. బొమ్మ వేయించుకునేవాళ్ళు మధ్యలో టీకి లేస్తే, కుర్చీ మళ్ళీ అక్కడే పడాలని దాని కాళ్ళ చుట్టూ సుద్దతో గీయడం మా ఉద్యోగం. ఆ సుద్దముక్క కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. నువ్వొచ్చి ఇద్దరికీ చెరో దెబ్బ వేసి, సుద్ద నీ కొంగున కట్టుకుని పోయేదానివి.

నీ చేతుల సంగతి కూడా గుర్తొచ్చింది. మొహం వేసినంతసేపూ ఓపిగ్గా కూర్చున్న పెద్దమనుషులకి, చేతుల దగ్గరకి వచ్చేసరికి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. వాళ్ళు లేచి వెళ్ళిపోగానే నాన్న వంటింటివైపు తిరిగి, "ఏమోయ్, ఒకసారి నీ చేతులు పట్రా!" అని కేకేసేవారు. నువ్వు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, "చేతులొక్కటే చాలా, మనిషిని కూడా రమ్మంటారా?" అనేదానివి. అలా ఊళ్ళో ఆడవాళ్ళ బొమ్మలు సగం నీ చేతులతోనే ఉన్నాయి. డాక్టరుగారి అత్తగారైతే వాళ్ళ హాల్లో గోడమీద నీ చేతులు ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చుంది. ఈమధ్య ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఎవరూ చూడకుండా వాటిని ఒకసారి ముట్టుకుని వచ్చాను. నీమీద బెంగ పెట్టుకున్నానని అక్కకి చెప్పకు, వెక్కిరిస్తుంది.

హెడ్మాస్టరుగారి బొమ్మ అయిందా అని అడిగావు. అయింది. అయిన తీరు వింటే నవ్వుతావు. ఆయన పదవి దిగిపోతున్నారని బడివాళ్ళు వేయిస్తున్న బొమ్మ అది. కోటు వేసుకుని, మెడ బిగబట్టి, ఊరిమీద కోపం వచ్చినట్టు కూర్చునేవారు. నుదురూ కళ్ళూ ముక్కూ అయ్యాయి. ఆరోజు నేను ఫ్రేము చెక్క కోసం బజారుకి వెళ్ళాను. టీ వేళకి ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఫోన్ మాట్లాడుతూ వీధిలోకి వెళ్ళారు. ఆయన కారు డ్రైవరుకి ఆ కోటు చూసి మోజు పుట్టింది. ఎవరూ లేరు కదా అని తొడుక్కుని, కుర్చీలో కూర్చుని చూసుకుంటున్నాడు. ఇంతలో నాన్న చేతులు కడుక్కుని వచ్చి, "తల కొంచెం ఎడమకి. ఆఁ, అంతే, కదలకండి" అని పని మొదలుపెట్టేశారు. పాపం డ్రైవరు భయంతో కదిలితే ఒట్టు. హెడ్మాస్టరుగారు తిరిగొచ్చి చూసి, కోటు మడతల కోసం వాణ్ణి కూర్చోబెట్టుకున్నారు కాబోలనుకుని, బయటే పేపరు చదువుకుంటూ ఉండిపోయారట.

నేనొచ్చేసరికి పైసగం హెడ్మాస్టరు, కిందిసగం డ్రైవరు. భయంతో మొదట బిగుసుకున్నవాడు, పోనుపోను తన బొమ్మ వేస్తున్నారని మురిసిపోయినట్టున్నాడు, పెదవుల మీద సన్నటి నవ్వు వచ్చింది. చెరిపేద్దామనుకుంటుండగా హెడ్మాస్టరుగారి భార్య వచ్చి చూసింది. చాలాసేపు చూసి, "ఈయన ఇంత హాయిగా నవ్వడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. దీన్ని ముట్టుకోవద్దు" అంది. ఇప్పుడది బడి గోడమీద ఉంది. ఒక్కరైనా తేడా కనిపెట్టలేదు. కొందరైతే రిటైరయ్యాక మనిషి తేలికపడ్డాడన్నారు.

నవ్వావా? నవ్వి ఉంటే ఇప్పుడు నెమ్మదిగా ఇది చదువు. బొమ్మ వేసేటప్పుడు ఈగ వాలినా కనిపెట్టే మనిషి, హెడ్మాస్టరుకీ డ్రైవరుకీ తేడా తెలీకుండా ఎలా వేశారని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. అది పరధ్యానం కాదమ్మా.

నువ్వు అక్క దగ్గరకి వెళ్ళిన కొత్తల్లో ఒకరోజు పొద్దున్న నాన్న తలనొప్పి అన్నారు. టీ తాగి, స్టూడియోలోకి వెళ్ళారు. నేను తలస్నానం చేసి తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళేసరికి, ఆయన లేచి నిలబడి, "రండమ్మా, కూర్చోండి. మా అమ్మాయి ఇప్పుడే వస్తుంది" అన్నారు. ఆయన వేళాకోళాలు తెలిసినవే కదా, నేను నవ్వాను. "నాన్నా, నేనే" అన్నాను. నా గొంతు వినగానే ఆయన మొహం పాలిపోయింది. ఆ మొహం నేను మర్చిపోలేను.

వెంటనే డాక్టరుగారింటికి, అక్కణ్ణుంచి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మెదడు వెనకభాగంలో చిన్న చోట రక్తం గడ్డకట్టిందట. ప్రాణానికి భయం లేదు. చూపు పోలేదు, మాట పోలేదు, చెయ్యి పోలేదు. మొహాలు గుర్తుపట్టే చోటు ఒక్కటే దెబ్బతింది. ముక్కు కనిపిస్తుంది, కళ్ళు కనిపిస్తాయి, కానీ అవి ఎవరివో తెలియదు. గొంతు వింటే మాత్రం ఇట్టే పోల్చుకుంటారు. అందుకే ఫోన్లో నీకు అనుమానం రాలేదు. తగ్గొచ్చు, తగ్గకపోనూ వచ్చు అన్నారు డాక్టరుగారు. నాన్న మాత్రం, "కన్ను డ్యూటీలోనే ఉంది, చెయ్యి డ్యూటీలోనే ఉంది, మధ్యలో పేరు చెప్పేవాడే సెలవు పెట్టాడు" అని ఆస్పత్రిలో నర్సుల్ని నవ్వించారు. అప్పట్నుంచీ స్టూడియోకి ఎవరొచ్చినా నేనే ముందు వెళ్ళి, "రండి బ్యాంకు మేనేజరుగారూ! రండి పంతులమ్మగారూ!" అని గట్టిగా పిలుస్తున్నాను. నాకు మర్యాద ముదిరిందని వీధంతా అనుకుంటున్నారు.

"నన్ను ఇంకో నెల ఉండమని ఎందుకు రాశావు? నా అవసరం తీరిపోయిందా మీకు?" అని అడిగావు కదా. అలా రాయించింది నాన్నే. నీకు చెబుదామంటే నా చెయ్యి పట్టుకుని, "వద్దు బుజ్జీ. పచ్చి బాలింతని వదిలేసి పరిగెత్తుకొస్తుంది" అన్నారు. అది సగం నిజమే. మిగతా సగం తర్వాత ఒకరోజు బయటపెట్టారు.

"మీ అమ్మ రైలు దిగుతుంది. నేను ఎవరో ఒకావిణ్ణి చూసినట్టు చూసి, పక్కకి తప్పుకుని దారిస్తాను" అన్నారు.

"అమ్మ పలకరిస్తుంది కదా నాన్నా, గొంతు పోల్చుకుంటారు" అన్నాను.

"పలకరించేలోపు ఒక క్షణం ఉంటుందే. ఆ క్షణంలో నా మొహం మీ అమ్మ చూస్తుంది. జీవితమంతా మొహాలు చూసి బతికినవాణ్ణి, దాని మొహం తెలీక నిలబడితే అది తట్టుకుంటుందా? నాకు నయమయ్యేదాకా అక్కడే ఉండనీ."

పెళ్ళయిన కొత్తలో వేసిన నీ బొమ్మ దించి, దాని ముందు కూర్చుని నిన్ను పాఠంలా చదవడం మొదలుపెట్టారు. "ఎడమ కనుబొమ కాస్త ఎత్తు, పైపెదవి పల్చన, చెవితమ్మె పొడుగు" అని ఎక్కాల్లా నాకు అప్పజెప్పేవారు. నేను తలూపేదాన్ని. ఆ బొమ్మ అక్క పుట్టకముందుది. ఆ పిల్ల కోసం వెతికితే రైల్లోంచి నువ్వు దొరకవని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మొన్న ఆదివారం నాన్న చెప్పే బొమ్మల క్లాసుకి మన స్తంభం తాతగారు మోకాలి నొప్పని రాలేదు. కదలకుండా నిలబడి నిద్రపోగల మోడల్ ఇంకెవరు దొరుకుతారు? సరే, తల బొమ్మ ఎలా కట్టాలో చూపిస్తానని నాన్నే పెద్దకాగితం బిగించి బొగ్గు తీసుకున్నారు. పుర్రె గుండ్రం, దవడ, మెడ అని చెబుతూ, నవ్విస్తూ గీసుకుపోయారు. నేను టీ తెచ్చి చూసేసరికి కాగితం మీద నువ్వున్నావు.

ఆ పాత బొమ్మలో పిల్ల కాదు. ఇప్పటి నువ్వు. గడ్డం కింద వదులైన చర్మం, పాపిట దగ్గర పల్చబడ్డ జుట్టు, ముక్కుమీద కళ్ళజోడు నొక్కిన గుంట. రోజూ నీ ఎదురుగా తిరిగిన నేను కూడా చూడనివి. క్లాసులో ఒకమ్మాయి, "ఎవరండీ మాస్టారూ ఈవిడ?" అంది. "ఎవరూ కాదమ్మా, ఉత్త తల" అన్నారు నాన్న. నేను టీ అక్కడ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చాను.

అందరూ వెళ్ళాక కూడా ఆయన దాని ముందే నిలబడి ఉన్నారు. "బాగా కుదిరింది బుజ్జీ. చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. ఈ చూపు చూడు, కోప్పడబోయి ఆగిపోయింది. ఎదుటివాడంటే ఎంతో ఇష్టం ఉంటే తప్ప ఇలా ఆగరు. ఎవణ్ణి చూస్తోందో గానీ, పెట్టి పుట్టాడు" అన్నారు.

"మిమ్మల్నే నాన్నా. అది అమ్మ" అన్నాను.

ఆయన వెళ్ళి, బొమ్మ వేయించుకునేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చున్నారు. అక్కణ్ణుంచి నిన్ను చాలాసేపు చూశారు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయారు. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి నావైపు తిరిగారు.

"మీ అమ్మని రమ్మని రాయి. నెలా వద్దు, ఏమీ వద్దు. అక్క కాస్త లేచి తిరగ్గలిగితే చాలు, వచ్చెయ్యమను. నేను ఎవర్నీ పోల్చుకోనవసరం లేదు. ప్లాట్‌ఫారం మీద ఎంతమంది దిగనీ, నన్ను ఇలా చూసేది ఒక్కతే ఉంటుంది."

అందుకే రాస్తున్నానమ్మా. రా. రైలు దిగగానే ఏడవకు, "నేనెవర్ని?" అని అడక్కు. ఆయన్ని రోజూ చూసినట్టే చూడు.

ఇట్లు,
నీకోసం నాన్నతోపాటు స్టేషన్‌కి వచ్చే
నీ చిన్నకూతురు