నాలుగో ఆదివారం ట్రే

చిరంజీవి పిడుగుకి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అన్నది చేతి అలవాటు. ఇప్పుడీ ఇంట్లో అందరం అంటే నేనూ, పది నిమిషాలు ముందు నడిచే వంటింటి గడియారమూను. ఇద్దరిలో గడియారానిదే ఆరోగ్యం. నువ్వు కులాసాగా ఉన్నానని రాశావు కానీ నీ అక్షరాలు ఒక పక్కకి ఒరిగిపోతున్నాయి. నిద్ర చాలడం లేదన్నమాట. ముప్పై రెండేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన కళ్లు ఇవి, శుక్లాలు వచ్చినంత మాత్రాన మోసపోవు.

మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగావు. రెండూ ఉన్నాయి. డాక్టరు రోజూ నడవమన్నాడు, మోకాళ్లు వద్దన్నాయి. ఒకడి మాట కంటే ఇద్దరి మాట వినడం న్యాయం కదా అని కూర్చున్నాను. పై వాటాలోకి ఎవరు దిగారని అడిగావు. ఒక టైలరు, భార్య పోయిన మనిషి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మిషను తొక్కుతూనే ఉంటాడు. మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు మిషను ఆగితే మీ అమ్మ లేని గది వినబడుతుంది, అందుకని ఆగకపోతేనే బాగుండుననిపిస్తుంది.

ఇక నీ ఉత్తరంలో మూడో పేజీకి వస్తాను. మొదటి రెండు పేజీల కోసం నువ్వు కలం పట్టలేదని నాకు తెలుసు.

మీ అమ్మ వస్తువులతో పాటు నువ్వు పట్టుకెళ్లిన నీలం అట్ట నోటుబుక్కులో, కరెంటు మనిషి ఫోను నంబరుకీ బట్టల మీద మరకలు పోగొట్టే చిట్కాకీ మధ్య ఒక పేజీ దొరికిందన్నావు. ఒక బ్రెడ్డు, పాలు, దాల్చినచెక్క పొడి. గుడ్లు ఆరు కొట్టేసి ఏడు, ఏడు కొట్టేసి ఎనిమిది. ‘ఇది మా హోటల్లో ఆదివారాలు పెట్టే ట్రే, అమ్మమ్మా. నేను ఇంట్లో ఒక్కసారే చేశాను, అదీ పెద్ద గొడవ జరిగిన రోజున. అమ్మ దీన్ని ఎందుకు రాసుకుంది? ఎవరి కోసం?’ అని అడిగావు. కొలతలు సరైనవేనా అని కూడా అడిగావు. సులువైనదానికి ముందు జవాబు చెప్తాను.

కొలతలు సరైనవే. నమ్మకం చాలక పోయిన శనివారం నేనే చేసి చూశాను. ముందురోజు కొన్న బ్రెడ్డు తెచ్చి, వేలెడేసి ముక్కలు కోసి, వెన్న రాసిన గాజు ట్రేలో పరిచాను. ఎనిమిది గుడ్లు, రెండున్నర కప్పుల పాలు, ముప్పావు కప్పు చక్కెర, రెండు చెంచాల దాల్చినచెక్క పొడి కలిపి గిలక్కొట్టి పైన పోశాను. ముక్కలన్నీ మునిగేలా అరచేత్తో నొక్కి, మూతపెట్టి, సాయంత్రం ఏడింటికి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున తీసి అరగంట బయట ఉంచాను. చల్లటి గాజుని వేడి ఓవెన్‌లో పెడితే పగులుతుందని పేజీ కింద మీ అమ్మ రెండు గీతలు గీసి మరీ రాసింది కదా. ముప్పావు గంటకి పొంగి, పైన బంగారు రంగు తిరిగింది.

టైలరుని పిలిచి ఒక ముక్క పెట్టాను.

“ఇది బ్రెడ్డా, కేకా, అమ్మగారూ?” అన్నాడు.

“ఫ్రెంచ్ టోస్ట్ అంటారు. బ్రెడ్డు రాత్రంతా నానితే ఇలా అవుతుంది. ఉతికిన గుడ్డ కుంచించుకుపోయినట్టు ఉందా చెప్పండి.”

“లేదండీ. బాగా సాగింది. ఏ వేళకి తినేదండీ ఇది?”

“టిఫిను వేళ దాటాక, భోజనం వేళ కాకముందు. ఆలస్యంగా లేచినవాళ్ల మర్యాద కోసం హోటళ్లవాళ్లు దానికి బ్రంచ్ అని పేరు పెట్టారు.”

అతను రెండో ముక్క తీసుకుని, “మీరు తినరా?” అన్నాడు. షుగరు ఉందని చెప్పాను. అది నిజమే. తినకపోవడానికి కారణం మాత్రం అది కాదు.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఫోనులో చెప్పవచ్చు కానీ, నీ ఊపిరి వినబడుతుంటే నేను మాట మార్చేస్తాను. అందుకని కాగితం.

నువ్వు ల్యాబు కోర్సు మానేసి హోటల్ వంటింట్లో చేరతానన్న రోజున, మీ అమ్మని మంచి చేసుకుందామని ఆ ట్రే చేసి బల్ల మీద పెట్టావు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. “ఊళ్లోవాళ్ల ఎంగిలి ప్లేట్లు కడగడానికా నిన్ను చదివించింది?” అంది. “నువ్వు ఊళ్లోవాళ్ల రక్తమూ ఉచ్చా పడుతున్నావుగా, నేనేమైనా అన్నానా?” అని నువ్వన్నావు. తల్లికి తగ్గ కూతురే అనుకుని, నవ్వొస్తే పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వాల్సిన రోజు కాదని తర్వాత తెలిసింది. మర్నాడు నువ్వు పెట్టె సర్దుకుని హోటల్‌వాళ్ల గదికి వెళ్లిపోయావు. మళ్లీ పధ్నాలుగు నెలలు మీరిద్దరూ మాట్లాడుకోలేదు.

ఆఖరి నెలలో, ఒక శనివారం మీ అమ్మ ల్యాబు నుంచి వస్తూ ఓవెన్ కొని మోయించుకుని వచ్చింది. ఎందుకే అంటే, “బ్రెడ్డు వేడి చేసుకోవడానికి” అంది. ఇల్లంత డబ్బా చూసి, ఊరందరి బ్రెడ్డూ వేడి చేస్తావా అన్నాను.

మొదటి ఆదివారం తాజా బ్రెడ్డుతో చేసింది. బంకలా అయి, గోడలకి కాగితాలు అంటించుకోవడానికి పనికొచ్చేది. రెండో ఆదివారం ముక్కల్ని ముందే ఎండబెట్టింది. వాటికి పాలు చాలక, తింటుంటే నా కట్టుడు పళ్లు ప్రాధేయపడ్డాయి. మూడో ఆదివారం ఒకరోజు నిలవున్న బ్రెడ్డు, ఎనిమిది గుడ్లు. కుదిరింది. మీ అమ్మ సంగతి తెలుసు కదా, ఇరవై ఆరేళ్లు రక్తం సీసాల మీద పేరూ తేదీ వేళా అంటించిన చెయ్యి, ఇంట్లో మిగిలిన కూరగిన్నెకి కూడా చీటీ అంటించేది. ఈ ట్రేలకీ అంటించింది. పేరు ఉండాల్సిన చోట మాత్రం మూడు వారాలూ ఖాళీగా వదిలేసింది. నేను చూశాను, అడగలేదు.

నాలుగో వారం, గురువారం నాడు, నాకు చెవిలో మందు వేస్తూ అంది: “అమ్మా, దాన్ని ఆదివారం పదింటికి రమ్మను. నేనన్నానని చెప్పకు.” మందు సీసాకి మూత బిగించి, “కాదులే, నేనే రమ్మన్నానని చెప్పు” అంది.

సరేనన్నాను. నీకు చెప్పలేదు.

పై వాక్యాన్ని నాలుగు కాగితాల మీద రాసి చింపేశాను. ఇది ఐదో కాగితం.

మర్చిపోయాననుకునేవు, నాకు అంత వయసు ఇంకా రాలేదు. ఎందుకు చెప్పలేదో విను. ఆ పధ్నాలుగు నెలలూ మీ ఇద్దరి మధ్యా మాటలు మోసింది నేను. వారం వారం నువ్వు నాకు ఫోను చేసేదానివి. అమ్మ ఎలా ఉందని నువ్వు ఒక్కసారీ అడగలేదు. ఫోను పెట్టెయ్యగానే నేను లోపలికి వెళ్లి, “నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగిందే” అనేదాన్ని. ప్రతి వారం. పొద్దుటి వంటకి నిన్ను పెద్దగా పెట్టారన్న నీ మాట చేరవేస్తే, మీ అమ్మ, “ఎంగిలి ప్లేట్లకి అధికారిణి అయిందా” అంది. నీకు నేనేం చెప్పాను? ‘కళ్లు తుడుచుకుంది’ అన్నాను. అది అబద్ధం, తల్లీ. ఆ రోజు మీ అమ్మ కళ్లు తుడుచుకోలేదు.

ఎవరి ప్రూఫులైనా దిద్ది ఇవ్వడమే నాకు వచ్చిన పని. ఇద్దరి మాటల్లోనూ గరుకు తీసేసి, లేనిది నాలుగు ముక్కలు చేర్చి అందించాను. పుణ్యం చేస్తున్నాననుకున్నాను. మీరిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఐదు నిమిషాల్లో ‘నేనెప్పుడన్నాను’ అంటే ‘నేనెప్పుడన్నాను’ అనుకుంటారు, ఇద్దరూ తిరిగి నా మొహం చూస్తారు. ఆ చూపుకి భయపడ్డాను. డెబ్భై ఆరేళ్ల ముసలిదానికి కూతురి ముందూ మనవరాలి ముందూ అబద్ధాలకోరుగా నిలబడటం ఇష్టం లేకపోయింది. ఇంకో వారం ఆగితే, ముందుగా ఒక్కొక్కరి చెవినా వేసి సర్దుకోవచ్చనుకున్నాను. అంతే. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదని ఎంతో వెతికాను. లేదు.

ఆదివారం తొమ్మిదిన్నరకి ఓవెన్ వేడెక్కుతోంది. ట్రే బయట పెట్టి ఉంది. మీ అమ్మ జాకెట్టు మార్చుకుంది, మళ్లీ మార్చుకుంది. నేను కుర్చీలోంచి లేవకుండానే, “ఇందాక నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఫోను చేసింది. హోటల్లో ఎవరో రాలేదట, సెలవు దొరకలేదట” అన్నాను.

మీ అమ్మ ఓవెన్ ఆపేసింది. “పోనీలే. పని ఉన్నప్పుడు పనే చూసుకోవాలి” అంది. ట్రే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడుతూ, ఇటు తిరగకుండా అడిగింది: “నేనే రమ్మన్నానని చెప్పావా?”

“చెప్పాను” అన్నాను.

“ఏమంది?”

“సంతోషించింది” అన్నాను.

ట్రే సాయంత్రం దాకా అలాగే ఉంది. అప్పుడు కాల్చి, ముక్కలు కోసి, మర్నాడు ల్యాబుకి పట్టుకెళ్లింది. బుధవారం మధ్యాహ్నం అక్కడే, ఎవరికో రక్తం తీస్తూ తీస్తూ సూది ట్రేలో జాగ్రత్తగా పెట్టి మరీ ఒరిగిపోయిందట. నువ్వు ఆసుపత్రికి వచ్చేసరికి ఏం మిగిలిందో నీకు తెలుసు. అక్కడి మెట్ల మీద నువ్వు, “అమ్మ నన్ను ఒక్కసారైనా రమ్మందా?” అని అడిగావు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. “ఇప్పుడవన్నీ ఎందుకే” అన్నాను. ఎనిమిది నెలలుగా నువ్వు దాన్ని ‘లేదు’ అని అర్థం చేసుకుని బతుకుతున్నావని నీ మూడో పేజీ చదివాకే తెలిసింది.

రమ్మంది. అదే నీ ప్రశ్నకి జవాబు. నాలుగో ట్రే మీద చీటీలో పేరు దగ్గర ‘పిడుగు’ అని రాసి అంటించింది. అది నీ కోసం.

ఇంకొకటి కూడా ఉంది, ఇది నేను కల్పించింది కాదు. సందేహముంటే ల్యాబులో మీ అమ్మ పక్క బల్ల మీద పని చేసే ఆవిడని అడుగు, నంబరు నోటుబుక్కులోనే ఉంటుంది. పరామర్శకి వచ్చినప్పుడు ఆవిడే చెప్పింది. ఆ సోమవారం మీ అమ్మ డబ్బా తెరిచి అందరికీ తలా ఒక ముక్క పెట్టి, “మా అమ్మాయి హోటల్లో చేసేది ఇదే. అక్కడ పొద్దుటి వంటంతా దాని చేతి మీదే నడుస్తుంది. నా చేతిలో సగమే కుదిరింది” అందట. విన్నాను. ఆ మాట కూడా నీకు చెప్పకుండా దాచాను. ఇది చెప్తే ముందు అది చెప్పాలి కదా.

నేను అల్లిన తీపి మాటలన్నీ మీ ఇద్దరికీ ఠంచనుగా చేరవేశాను. మీ అమ్మ తన నోటితో అన్న తీపి మాటలు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి. కూతురు పోయిన దుఃఖం నాకూ ఉంది, పిడుగూ. కానీ ఏడవబోతే, నీకెక్కడిది ఆ హక్కు అని నా గొంతే నాకు అడ్డం పడుతుంది.

రెండు గదుల ఇల్లు తీసుకున్నానని, నెలాఖరుకి వచ్చి నీతోనే ఉండమని రాశావు. కింది వాటా, మెట్లు ఎక్కక్కర్లేదని కూడా రాశావు. ఆ ఉత్తరం నువ్వు రాసింది ఈ సంగతి తెలియని మనిషిగా, రమ్మన్నది ఈ పని చెయ్యని అమ్మమ్మని. అందుకని ఒప్పుకోలేదు, కాదనలేదు. ఇది చదివాక కూడా రమ్మనాలనిపిస్తే రాయి. అనిపించకపోతే అదే రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు, మీ అమ్మకి చెప్పినట్టు సూటిగా చెప్పు. ఏం రాసినా చదువుతాను. రాయడానికి నెల పట్టినా, ఏడాది పట్టినా సరే.

అమ్మమ్మ అని సంతకం చెయ్యవచ్చో లేదో ఇక నువ్వే చెప్పాలి. అందాకా ఎవరూ కాదనలేని వరస ఒకటి ఉంది, దానితో ముగిస్తున్నాను.

ఇట్లు,
మీ అమ్మని కన్నది