ఏ మైల అని చెప్పను?

చెల్లీ ఫిలా,

నువ్వు పంపిన తేనె చేరింది, దాని సంగతి తర్వాత. ఇది చదవగానే బయల్దేరి రా.

మొదటి కాన్పులోనే చావు తప్పి బయటపడ్డ నా కోడలు మెలిత్తా, మళ్లీ నెల తప్పానంటూ కడుపు పోగొట్టే సిల్ఫియం ఆకు పసరు తాగింది. నూరి ఇచ్చింది నేనే. మన కురేనె పట్నంలో అది వింతేం కాదు. పడిపోయిన పిండానికి ఆకారం రాకపోతే ఇంటికి పురిటి మైల, వస్తే చావు మైల. తొలి రోజులేగా, పురిటి మైలే అనుకున్నాను.

గుడ్డ విప్పితే వేళ్లున్నాయి ఫిలా! గోధుమగింజంత వేళ్లు.

“ఏముంది అత్తయ్యా?” అంది మంచం మీంచి.

“నెత్తుటి గడ్డేనే, పడుకో,” అన్నాను.

మావాడు “బతికించావమ్మా, ఏడుపులుండవు,” అంటూ గుళ్లో పురిటి మైలేనని చెప్పడానికి వెళ్లాడు.

నేను నీళ్లు తోడుకుని వచ్చేసరికి మెలిత్తా ఉన్ని కత్తెరతో జుట్టంతా కత్తిరించేసుకుంది. పోయినవాళ్ల కోసం తప్ప మన ఆడవాళ్లు జుట్టు తీస్తారా? మగ్గం వెనక నేను దాచిన మూట ఆమె ఒళ్లో ఉంది.

“పూజారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?” అంది.

గుమ్మం బయట కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలికి వెళ్లే ధైర్యం లేదు.

అక్క