ఇసుకలో రెండో గుంట

ఆదివారం రాత్రి

అక్క పోయాక మొదటిసారి కళింగపట్నం బీచ్‌లో పాటల పండక్కి ఒక్కదాన్నే వెళ్లాను. స్పీకర్ల మోతకి చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. రోజంతా ఒకే చోట ఇసుకలో కూర్చున్నాను. పక్కకి ఎవరూ రాలేదు.

చీకటి పడ్డాక లేస్తుంటే, వెనక కూర్చున్న చేపలమ్మే ముసలమ్మ ఆపింది. "కూకున్న గుంట కాలితో సెరిపీ అమ్మా. సెరపకుండా ఒగ్గేత్తే సముద్రం ఆ మనిషిని ఉంచేసుకుంటాది." వాళ్ల ఊళ్లో అందరూ అలాగే చేస్తారట. చెరిపాను.

"ఆ పక్కదీ సెరుపు," అంది.

నా ఎడమ పక్కన ఇంకో గుంట ఉంది. అక్క ఎప్పుడూ అటే కూర్చునేది. చెయ్యి పెట్టి చూశాను. చుట్టూ ఇసుక చల్లబడిపోయింది. ఆ గుంట మాత్రం వెచ్చగా ఉంది.

దాన్ని చెరపడానికి నాకు కాలు రాలేదు. అలాగే వదిలేసి వచ్చాను.

ఈపాటికి సముద్రపు పోటు అక్కడిదాకా వచ్చేసి ఉంటుంది.