లైసెన్సులో రెండు లైన్లు

జూన్ 2, సోమవారం

ఆయన ఈరోజు ఫైర్ స్టేషన్ నుంచి ఒక ఫైలు చంకలో పెట్టుకుని వచ్చారు. వైర్‌లెస్ లైసెన్సు రెన్యువల్. ఆ పని చూసే క్లర్కు రిటైరయ్యాడు, అతని చోట ఎవరినీ వేయలేదు. స్టేషన్ ఆఫీసర్ కాబట్టి సంతకం ఈయనదే, తలనొప్పీ ఈయనదే. ఇంటి లెక్కలు పైసాతో సహా రాస్తావు కదా, ఇదీ కాస్త చూసిపెట్టు తల్లీ అన్నారు. తల్లీ అన్నారంటే నిజంగానే అలిసిపోయారన్నమాట.

నాకూ ఓపిక లేదు. చూస్తానన్నాను.

జూన్ 3, మధ్యాహ్నం

గిన్నెలు సర్దాక కూర్చున్నాను. లైసెన్సులో ఒక గడిలో 11K2F3E అని ఉంది. చూస్తే బండి నంబరులా ఉంది. ఫైల్లో ఉన్న రూల్స్ కాగితం మూడుసార్లు చదివితే తలకెక్కింది. మొదటి నాలుగూ వెడల్పు, అంటే మన మాట గాలిలో ఎంత చోటు తీసుకుంటుందో ఆ కొలత. K అన్నది చుక్క ఉండాల్సిన చోట నిలబడింది. 11K2 అంటే పదకొండు పాయింట్ రెండు కిలోహెర్ట్జ్. చుక్కయితే చెరిగిపోతుంది, అక్షరం చెరగదు. ఈ పద్ధతి నాకు నచ్చింది. మిగతా మూడూ మాట ఏ రకంగా వెళ్తుందో చెబుతాయి. F3E అంటే అనలాగ్, పాత రకం. లైసెన్సులో ఏ కోడు ఉంటే ఆ రకంగానే మాట్లాడాలి. లేని రకంగా మాట్లాడితే తప్పు.

జూన్ 5

స్టేషన్‌కి కొత్తగా వచ్చిన వైర్‌లెస్ సెట్లు డిజిటల్ అట. వాటి కోడు 7K60FXE. తక్కువ చోటు, శుభ్రమైన మాట. రెండింటికీ చివర E ఉంది. E అంటే మనిషి గొంతు.

కూర తరుగుతుంటే తట్టింది. మా వంటింటి అలమరలో ఉన్న సెట్టు పాతది. పదేళ్ల కిందట పై ఆఫీసు అనుమతితో, మాట్లాడే బటన్ తీసేసి, వినడానికి మాత్రమే అని ఆయన తెచ్చిపెట్టారు. స్టేషన్ వాళ్లు డిజిటల్‌కి మారితే అది మూగదే. బండి వెనక్కి తిరిగింది అన్న మాట వినే నేను పొయ్యి వెలిగిస్తాను. ఆయన బతికే ఉన్నారని ముందు చెప్పేది ఆ సెట్టే. అత్తయ్య దాన్ని నీ సవతి అంటుంది. మొగుడి గొంతు నీకంటే ముందు అదే వింటోంది, ఇంకా దానికి దుమ్ము కూడా దులుపుతావేమే అంటుంది.

జూన్ 9

ఫైలు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాను. సెట్లు అమ్మిన కంపెనీ మనిషి వచ్చి ఉన్నాడు. పాతది కొట్టేసి కొత్త కోడు ఒక్కటే రాయండమ్మా, చాప్టర్ క్లోజ్ అన్నాడు. బండి డ్రైవరు ఒప్పుకోలేదు. మా ఆయన కంటే సీనియరు, అందరూ బాబాయ్ అంటారు. పాత సెట్టు సిగ్నల్ పోయేటప్పుడు గురక పెట్టుకుంటూ పోతుంది, మనకి తెలుస్తుంది. ఈ కొత్తది చెప్పాపెట్టకుండా పోతుంది, మా అల్లుడిలాగా అన్నాడు. అందరూ నవ్వారు. నాకు లోపల ఆశ పుట్టింది.

జూన్ 12

ట్రయల్ చేశారు. బట్టల షాపు సెల్లార్లోకి ఆయన దిగారు. పైన రోడ్డు మీద బండి పంపు ఆన్ చేసి ఉంచారు. నేను ఫైలుతో ఎదురుగా నిలబడ్డాను. పాత సెట్టులో పంపు హోరే తప్ప ఆయన మాట ఒకటి వినపడితే నాలుగు పోయాయి. కొత్తదాంట్లో, పంపు పక్క వీధిలో ఉన్నట్టూ ఆయన నా చెవి దగ్గర ఉన్నట్టూ వినిపించింది. చివరి మూలలో ఠక్కున ఆగిపోయిన మాట నిజమే. కానీ అక్కడ పాతదీ ఉత్త గురకే. బాబాయ్ తల గోక్కుని, సరేలే, అల్లుడే గెలిచాడు అన్నాడు.

కొత్తది ఫెయిలవ్వాలని నేను కోరుకున్నాను. సెల్లార్లో ఉన్నది నా మొగుడే, అయినా కోరుకున్నాను.

జూన్ 13

11K2F3E కొట్టేశాను.

జూన్ 16, సాయంత్రం

ఫైలు రేపు పంపాలి. ఇంకోసారి మొదటి నుంచి చూశాను. పెద్ద మంటలైతే పక్క ఊరి స్టేషన్ బండి కూడా వస్తుంది. వాళ్లవన్నీ పాత సెట్లే. ఇంకో నాలుగేళ్లు కొత్తవి రావట. ఆయన స్నానం చేసి వస్తే అడిగాను, వాళ్లొచ్చినప్పుడు మీరు డిజిటల్‌లో అరిస్తే వాళ్లకి ఎలా వినపడుతుందండీ అని. తల తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. కొత్త సెట్లు రెండు రకాలుగానూ పలుకుతాయి గానీ, లైసెన్సులో ఆ కోడు లేకపోతే నోరు కట్టేసినట్టే అన్నారు. అందుకని రెండు స్టేషన్లూ కలిసి వాడే ఛానల్‌కి పాత కోడు మళ్లీ రాశాను.

నిజం చెప్పు, వాళ్ల కోసమా, నీ వంటింటి కోసమా అని నవ్వారు. రెండూ అన్నాను. అత్తయ్య లోపలి నుంచి, అడగడం దేనికిరా, తెలియనట్టు అంది.

ఆ తర్వాత నవ్వు ఆపి ఒక మాట చెప్పారు. ఇకనుంచి నీ సెట్టు పలికిందంటే మా ఒక్క బండితో ఆరని మంట అని అర్థం, చూసుకో మరి అన్నారు. నేను అంత దూరం ఆలోచించలేదు.

జూలై 21

లైసెన్సు వచ్చింది. రెండు లైన్లూ ఉన్నాయి. బాబాయ్ వచ్చి వంటింటి సెట్టుని ఆ ఉమ్మడి ఛానల్‌కి తిప్పి వెళ్లాడు.

జూలై 29

బండి వెనక్కి తిరిగిన కబురు ఇప్పుడు సెట్టులో రాదు, వంట వేళలు తప్పాయి. ఈ వారంలో ఆయన మూడుసార్లు చల్లారిన కూరే తిన్నారు. రోజంతా చెవి అటే వేసి ఉంచి మెడ నొప్పి.

ఆగస్టు 6, బుధవారం

సాయంత్రం నాలుగున్నరకి సెట్టు పలికింది. ఆయన గొంతే. పక్క ఊరి బండిని రమ్మంటున్నారు. పరుపుల గోడౌన్. చేతిలో గరిట ఉంది, ఎక్కడ పెట్టానో తెలియదు. అత్తయ్య వచ్చి పొయ్యి ఆపేసింది. ఇద్దరం అలమర ముందు నిలబడ్డాం. కావాలని కోరుకున్న గొంతు ఇదే. వాళ్ల బండి వచ్చింది. వెనక వైపు నుంచి నీళ్లు కొడతామన్నారు. ఆయన వద్దన్నారు. వెనక గోడ బీట వారుతోంది, మీవాళ్లని వెనక్కి లాగెయ్యండి, వినపడిందా, వినపడిందా అని అరిచారు. హోరు. వినపడింది అని అవతలి నుంచి. మళ్లీ హోరు, ఏదో కూలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

అత్తయ్య సెట్టుని పట్టుకుని, పలకవే, నీకు దణ్ణం పెడతాను అంది. సవతి అన్న నోటితోనే.

చాలాసేపటికి ఆయన, అందరూ ఉన్నారు, మీవాళ్లూ మావాళ్లూ అన్నారు. ఇక చాలు, ఇంకేం పలక్కు అనుకున్నాను.

ఆగస్టు 7

వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నారు. బూట్లు నేనే విప్పాను. ఆ మాట అందకపోతే గోడ కింద ముగ్గురు ఉండేవాళ్లని పక్క ఊరి ఆఫీసరు చెప్పాడట. విన్నావా అని అడిగారు. విన్నానన్నాను. అన్నం వడ్డిస్తుంటే కూర్చునే నిద్రపోయారు.

ఆగస్టు 10, ఆదివారం

సెట్టు పలకలేదు. రెండుసార్లు చూశాను, ఆన్‌లోనే ఉంది. మంచిది.