ఎంటర్ కొడితే చీటీ వచ్చేసింది

రాజమహేంద్రవరం,
22 నవంబరు 2025, శనివారం.

సర్వజ్ఞులు, సకల ఫ్రేమ్‌వర్క్ పారంగతులు, ప్రస్తుతం ఆత్రేయపురంలో జ్వరం మిషతో విశ్రమిస్తున్న శ్రీ దుర్గాసాయి గారి సముఖమునకు, సహోద్యోగి అప్పాజీ పళ్ళు కొరుకుతూ చేయు నమస్కారములు.

ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము. అక్కడ నువ్వు క్షేమంగా ఉన్నావేమోనన్నదే నా బెంగ.

గురువారం నుంచి నీ ఫోను స్విచాఫ్. అందుకే ధవళేశ్వరం మీదుగా మీ ఊరొచ్చే బస్సు కండక్టరుగారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చింపే ముందు పూర్తిగా చదువు.

నిన్న మండపేట రైసు మిల్లులో మన కొత్త ప్రోగ్రాం ప్రారంభోత్సవం జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, కంప్యూటరుకి బొట్టు పెట్టారు. లారీలు తూచే వేబ్రిడ్జి గుమాస్తా చిట్టియ్య గారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన పని తీరు నీకు తెలియనిది కాదు. కళ్ళు కిటికీలోంచి లారీ మీద ఉంటాయి, వేళ్ళు కీబోర్డు మీద ఉంటాయి. తెర వంక చూడరు. లారీ నంబరు, ఎంటర్. రైతు పేరు, ఎంటర్. బరువు, ఎంటర్. పాత ప్రోగ్రాంలో ఇన్నేళ్ళూ ఎంటర్ కొడితే పక్క గడిలోకి వెళ్ళేది.

నువ్వు రాసిన తెరలో మొదటి ఎంటర్‌కే తూకం చీటీ అచ్చయి బయటికొచ్చింది. బరువు సున్నా.

ఏంటి బాబూ, ఎదరకెళ్ళమంటే చీటీ కక్కుతాదేంటండీ ఇది అన్నారు చిట్టియ్య గారు. నేను నోరు తెరిచేలోపే ఆయన వేళ్ళు అలవాటుకొద్దీ ఇంకో లారీ ఎక్కించేశాయి. ఇంకో సున్నా. చీటీ చూసుకున్న రైతొకాయన, నా బస్తాల్లో గాలి పోసుకొచ్చానేంటయ్యా అని మీదికొచ్చాడు. వెనకాల ట్రాక్టర్ల హారన్లు. కొబ్బరికాయ కొట్టిన మిల్లు ఓనరుగారు, ఆ కాయ ఎవరి నెత్తిన కొట్టాల్సిందో ఇప్పుడు తెలిసిందన్నారు. చూపు మాత్రం నా నెత్తి మీదే ఉంది.

ఎందుకిలా అయిందో రాత్రి నీ కోడ్ తెరిస్తే తెలిసింది. ఏదో వీడియోలో ఎవడో సేవ్ బటన్‌ని ఎంటర్‌కి కట్టాడు. నువ్వూ కట్టావు, మన దాంట్లో సేవ్ అయితే చీటీ అచ్చవుతుంది. వాడు రాసుకున్నది పొద్దున పాలు, సాయంత్రం కూరగాయలు అని గుర్తుచేసే తెర. ఈ ఫ్రేమ్‌వర్క్ పాఠాలన్నీ అవేరా! ప్రపంచంలో ధాన్యం తూచేవాడే లేనట్టు! ఆ కట్టు విప్పాను. ఇప్పుడు ఎంటర్ కొడితే ఏమీ కావడం లేదు, మొండి గేదెలా అక్కడే నిలబడుతోంది. పక్క గడికి పంపుదామంటే ఆ గడి ఎక్కడుందో దొరకదు. పెట్టెలో పెట్టె, దానిలో ఇంకో పెట్టె. మీ ఊరి పూతరేకుకైనా అన్ని పొరలుండవు, పైగా దానిలో బెల్లం ఉంటుంది. నెట్‌లో వెతికితే ఒక పద్ధతి దొరికింది, దాని కిందే, ఆ పద్ధతి కొత్త వెర్షన్‌లో తీసేశాం అని సంతోషంగా రాశారు. మన ఆఫీసు తబిత కూడా కూర్చుని చూసింది. నాకు అర్థం కాలేదు అప్పాజీ, నీకు అర్థమైనట్టు మొహం పెట్టకు అంది.

ఆ ముక్క నువ్వు ఎందుకు అనలేకపోయావురా? ఈ కొత్త ఫ్రేమ్‌వర్క్ ఎవరికొచ్చు అని మన రమేష్ బాబు సారు అడిగిన రోజు, నాకొచ్చండి అని చెయ్యెత్తావు. నీ చెయ్యి చూసి ఆయన మిల్లుకి మాటిచ్చారు. రాదని ఉంటే ఇద్దరం కలిసి కుస్తీ పడేవాళ్ళం, కలిసి తిట్టుకునేవాళ్ళం. నాకు మండేది నీ చేతకానితనానికి కాదు. అది నాకూ పుష్కలంగా ఉంది. ప్రారంభం ముందురోజు జ్వరమని పారిపోయి, నన్నొక్కణ్ణీ ఆ హారన్ల మధ్య నిలబెట్టావే, దానికి.

సారు తీర్పు విను. సోమవారం పొద్దున్నకి ఎంటర్ సరిగా నడవకపోతే మిల్లువాళ్ళు పాత ప్రోగ్రాంకే పోతారు. ఆ తెర రాసినవాడు ఇక ఆఫీసు మెట్లెక్కనక్కర్లేదు. పౌరుషం ఉంటే రా.

ఇట్లు,
నీ మీద ఇంకా చాలా తిట్లు మిగిలి ఉన్న,
అప్పాజీ.

తా.క.: తెరలు మనిద్దరం పంచుకున్నాం కదా, ఏది ఎవరు రాశారో సారుకి తెలియదు. మిల్లులో అందరి ముందూ, ఈ కాటా తెర ఎవడు రాశాడ్రా అని అరిచారు. నీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నువ్వు లేనిచోట చెప్పడానికి నోరు రాలేదు. నేనే సార్ అన్నాను. అంచేత సోమవారం ఊడేది నా ఉద్యోగం, నీది కాదు. రేపు మొదటి బస్సుకి లాప్‌టాప్ పట్టుకుని రా. జ్వరం నిజమే అయితే మాత్ర వేసుకుని రా.